రచయితల సహకార సంఘాలు: ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

1945లో కొట్టాయంలో 12 మంది మలయాళ రచయితలు 120 రూపాయల మూలధనంతో, అంటే తలకు పది రూపాయల లెక్కన, ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పేరు సాహిత్య ప్రవర్తక సహకరణ సంఘం. విమర్శకుడు ఎం.పి. పాల్ మొదటి అధ్యక్షుడు, కథారచయిత, బడిపంతులు కారూర్ నీలకంఠ పిళ్ళై కార్యదర్శి. మొదట వేసిన పుస్తకం తకళి శివశంకర పిళ్ళై కథలు. అప్పట్లో రాసేవాళ్ళకు ఉన్న దారులు రెండే. రాతప్రతిని హక్కులతో సహా ఎంతో కొంతకు అమ్మేసుకోవడం, లేదంటే అప్పో సప్పో చేసి సొంతంగా అచ్చువేయించుకుని కట్టలు మోసుకుంటూ తిరగడం. ఆ రెండూ కాని దారి కోసం పెట్టుకున్న సంఘం ఇది. రచయితకు 30 శాతం దాకా రాయల్టీ ఇచ్చింది, తరాల తరబడి మలయాళీల ఇళ్ళకు పుస్తకాలు చేర్చింది, ఇప్పటికీ నడుస్తోంది.

ఈ సంగతి వినగానే రాసేవాళ్ళకు ఎవరికైనా వచ్చే ఆలోచన, మనమూ ఓ పదిమంది కలిస్తే చాలు కదా, ప్రచురణకర్తతో పనేముంది అని. ఆలోచన మంచిదే, దాన్ని ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు. కాకపోతే వేర్వేరు దేశాల్లో ఇలా పుట్టిన సంఘాలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని యాభై ఏళ్ళు దాటి నిలిచాయి, కొన్ని పదేళ్ళకే మూతబడ్డాయి, ఈ తేడా ఎక్కడొచ్చిందో వెతుక్కుంటూ పోతే అది అచ్చు దగ్గర కనిపించదు. అచ్చు వేయించడం డబ్బుంటే అయిపోయే పని. తేడా అంతా రెండు చోట్ల ఉంది. అచ్చయిన పుస్తకాన్ని ఎవరు అమ్ముతారు అన్నది ఒకటి. తోటి సభ్యుడి రాతప్రతిని చదివి 'ఇది ఇప్పుడు వద్దు' అని చెప్పడానికి ఒక పద్ధతి ఉందా లేదా అన్నది రెండోది.

ముందు సహకార సంఘం అన్న మాట సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని చాలా వదులుగా వాడుతున్నారు. నలుగురు స్నేహితులు డబ్బులు వేసుకుని ఒక సంకలనం తెస్తే అది సహకారమే, కానీ సహకార సంఘం కాదు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది, ఎక్కువగా నేతపనివాళ్ళూ చేతిపనివాళ్ళూ, కలిసి కిరాణా సరుకుల దుకాణం పెట్టుకుని రాసుకున్న నియమాలే ఇవాళ్టికీ సహకార సంఘాలన్నిటికీ పునాది. వాటిలో రెండు రచయితలకు బాగా అవసరమైనవి. ఎన్ని వాటాలు కొన్నా ఒక మనిషికి ఒకే ఓటు. మిగులు వస్తే అది వాటాల లెక్కన కాక, సంఘంతో ఎవరు ఎంత వ్యాపారం చేశారో ఆ లెక్కన పంచుకోవాలి. రచయితల భాషలో చెప్పుకుంటే, ముప్పై నవలలు రాసిన పెద్దాయనకూ మొదటి కవితాసంపుటి తెస్తున్న అమ్మాయికీ ఓటు సమానం, డబ్బు మాత్రం ఎవరి పుస్తకం అమ్ముడైతే వాళ్ళకు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది.

పాల సంఘంతో పోల్చి చూస్తే అది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ఎవరు పోసిన పాలైనా ఒకే క్యానులో కలుస్తాయి. వెన్న శాతం కొలిచే పరికరం ఒకటుంటుంది, అది ఎంత చూపిస్తే అంత డబ్బు, తక్కువ చూపించినా ఎవరూ మనసు కష్టపెట్టుకోరు, కొలత మీద అనుమానం వస్తే ఇంకోసారి కొలవమంటారు. పుస్తకాలు అలా ఒక క్యానులో కలవవు. ఒకరి పుస్తకం ఇంకొకరి పుస్తకానికి బదులు రాదు, పైగా దాని మంచిచెడ్డలు కొలిచే పరికరం ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా మనుషుల అభిప్రాయాలు. ఆ మనుషులు కూడా అవే పుస్తకాల పక్కన తమ పుస్తకాలు పెట్టుకుని కూర్చున్న రచయితలు. రైతుల సంఘాల కోసం రాసుకున్న నియమావళిని పేర్లు మార్చి రచయితల సంఘానికి వాడితే అది పనిచేయకపోవడానికి కారణం ఇదే.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. పుస్తకం వెల 100 అనుకుందాం, ఏ దేశపు డబ్బయినా సరే. అందులో 40 నుంచి 50 దాకా డిస్ట్రిబ్యూటరుకూ దుకాణానికీ కమిషన్ కింద పోతుంది. కాగితం, అచ్చు, బైండింగు కలిపి 20, 25 అనుకోవచ్చు, తక్కువ కాపీలు వేస్తే ఇంకా ఎక్కువే అవుతుంది. రచయిత రాయల్టీ మామూలుగా 10 దగ్గర ఉంటుంది. ఇక మిగిలేది 15 నుంచి 30. ఎడిటరుకు, ప్రూఫులు దిద్దినవాళ్ళకు, ముఖచిత్రం వేసినవాళ్ళకు, గదికీ జీతాలకీ తపాలాకీ, సమీక్షకు పంపే కాపీలకీ, అన్నిటికన్నా ముఖ్యంగా అమ్ముడుపోక గోడ పక్కన ఉండిపోయిన కట్టలకీ అంతా ఆ 15 నుంచి 30లోంచే రావాలి. 'నాకు 10 ఇచ్చి ప్రచురణకర్త 90 తినేస్తున్నాడు' అనుకుని సంఘం పెట్టుకునేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోకపోతే మొదటి ఏడాదే దెబ్బతింటారు. ప్రచురణకర్తను తీసేస్తే చేతికొచ్చేది 90 కాదు. ఆ 15 నుంచి 30 వస్తుంది, దాంతోపాటు అది ఖర్చయ్యే పనులన్నీ నెత్తి మీదికి వస్తాయి.

మరి కొట్టాయం సంఘం 30 శాతం ఎలా ఇవ్వగలిగింది? పై లెక్కలో 10 బదులు 30 వేసి చూడండి. 45 కమిషన్, 25 అచ్చు, 30 రాయల్టీ, అంతే, వంద అయిపోయింది, గది అద్దెకు కూడా ఏమీ మిగల్లేదు. కాబట్టి అంత రాయల్టీ ఇవ్వాలంటే ఆ 45లో పెద్ద భాగం బయటికి పోకూడదు, అంటే దుకాణం సంఘానిదే కావాలి. అక్కడ జరిగిందీ అదే. కొట్టాయంలో డి.సి. కిళక్కెమురి నడుపుతున్న నేషనల్ బుక్ స్టాల్ 1949లో సంఘంలో కలిసింది. తర్వాత సంఘం పుస్తకాలు కేరళ అంతటా ఆ పేరుతోనే చేరాయి, ఎన్‌బీఎస్ అంటేనే మలయాళ పాఠకులకు సంఘం కింద లెక్క. సంఘం అనగానే పన్నెండు మంది రచయితల పేర్లే గుర్తుచేసుకుంటాం కానీ, నిజానికి దాన్ని నిలబెట్టినవాళ్ళలో పుస్తకాల వ్యాపారం లోతుపాతులు తెలిసిన ఈ మనిషి పేరు ముందు వరసలో ఉండాలి. కిళక్కెమురి కూడా రాసేవాడే, కానీ ఆయన తెచ్చిన అసలు బలం అమ్మడం తెలియడం. ఆయన సంఘంలోంచి బయటికొచ్చి 1974లో తన పేరుతో డీసీ బుక్స్ మొదలుపెట్టాడు, అది కూడా మలయాళంలో అతి పెద్ద ప్రచురణ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. అమ్మగలిగే మనిషి ఎంత విలువైనవాడో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అచ్చు అసలే లేకుండా దుకాణం ఒక్కటే ఉన్న ఉదాహరణ ఒకటి మాస్కోలో దొరుకుతుంది. విప్లవం తర్వాత 1918లో రచయిత మిఖాయిల్ అసర్గిన్, కవి వ్లదిస్లావ్ ఖదసేవిచ్, తత్వవేత్త నికొలాయ్ బెర్దయేవ్ లాంటివాళ్ళు కలిసి అక్కడ రచయితల పుస్తకాల దుకాణం పెట్టారు. కౌంటరు వెనక నిలబడి అమ్మింది వాళ్ళే. కాగితం లేదు, ప్రెస్సులు చేతికి అందవు, కొత్త పుస్తకం అచ్చువేయించే మార్గమే మూసుకుపోయింది. అప్పుడు రచయితలు తమ కవితలూ చిన్న రచనలూ చేత్తో రాసి, కుట్టి, ఒక్కో కాపీగా ఆ దుకాణంలో అమ్ముకున్నారు. అది 1922 దాకా నడిచింది. ఆకలి రోజులు, ఎవరి దగ్గరా డబ్బుల్లేవు, అయినా చేతిరాత పుస్తకాలు కొనేవాళ్ళు దొరికారు. అచ్చుయంత్రం లేకపోయినా దుకాణం ఉండబట్టి ఆ రచయితల రాతలు పాఠకుల దాకా వెళ్ళాయి. కొత్తగా సంఘం పెట్టుకునేవాళ్ళు మాత్రం దీనికి తలకిందులుగా చేస్తారు. ఉన్న డబ్బంతా అచ్చుకు పోసి, అమ్మకం గురించి ఆవిష్కరణ సభ అయ్యాక చూసుకుందాం అనుకుంటారు.

సొంత దుకాణం అందరికీ కుదరదు, నిజమే. న్యూయార్క్‌లో 1974లో మొదలైన ఫిక్షన్ కలెక్టివ్ వేరే దారి పట్టింది. రొనాల్డ్ సుకెనిక్, జోనథన్ బామ్‌బాక్ లాంటి నవలాకారులు పెట్టుకున్నది అది. పెద్ద సంస్థలు ప్రయోగాత్మక నవలల జోలికి రాకపోవడంతో తామే ఎంచుకుని, తామే ఎడిట్ చేసుకుని, ఖర్చు పెట్టుకుని పుస్తకాలు వేసుకున్నారు. పంపిణీని మాత్రం జార్జ్ బ్రజిలర్ అనే మామూలు వాణిజ్య ప్రచురణ సంస్థకు అప్పజెప్పారు. ఇందులో నామోషీ ఏమీ లేదు. రాతప్రతిని ఎంచుకునే హక్కు, హక్కుల యాజమాన్యం చేతిలో ఉంచుకుని, గోదాములూ లారీలూ బిల్లులూ తెలిసినవాళ్ళకు వదిలేయడం తెలివైన పనే. 1989లో దాన్ని ఎఫ్‌సీ2 పేరుతో తిరిగి ఏర్పాటు చేసుకున్నారు.

జర్మనీలో ఇంకో ఉదాహరణ ఉంది, అది ఇంకా ఆసక్తికరం. సూర్‌కాంప్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో 1968లో ఎడిటర్లు నిర్ణయాల్లో తమకూ భాగం కావాలని అడిగారు, యజమాని ఒప్పుకోలేదు. అక్కణ్ణించి బయటికొచ్చిన కార్ల్‌హైన్జ్ బ్రౌన్ తదితరులు నాటక రచయితలతో కలిసి 1969లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 'ఫెర్లాగ్ డేర్ ఆటోరెన్' మొదలుపెట్టారు, ఆ పేరుకు అర్థమే రచయితల ప్రచురణ సంస్థ అని. చట్టం ప్రకారం అది సహకార సంఘం కాదు, కంపెనీయే, కానీ యాజమాన్యం రచయితలది. అది ఇవాళ్టికీ ఉంది. అది నిలవడానికి ఒక కారణం దాని సరుకులోనే ఉందనిపిస్తుంది. అది ముఖ్యంగా నాటకాల ప్రదర్శన హక్కులు, రేడియో, సినిమా హక్కులు అమ్ముతుంది. నాటకం ఎక్కడ ఆడినా అక్కణ్ణించి రుసుము వస్తుంది, గోదాములో కట్టలు పేరుకోవు, దుకాణం నుంచి తిరిగొచ్చే కాపీల బెడద లేదు. పుస్తకాలు వేసే సంఘాలను ముంచేది చాలాసార్లు ఈ కట్టలే. ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీల బదులు రెండువేలు వేస్తే ఒక్కో కాపీ చవగ్గా పడుతుందన్న ఆశకు పోయి రెండువేలు వేస్తారు, ప్రెస్సు బిల్లు వెంటనే కట్టాలి, దుకాణాల నుంచి డబ్బు మాత్రం నెలల తర్వాత వస్తుంది, అదీ అమ్ముడైనవాటికి మాత్రమే. ఈ మధ్యకాలంలో రెండో పుస్తకం వంతు వస్తుంది, డబ్బుండదు, రెండో రచయిత మొహం చిన్నబోతుంది. ఇప్పుడు డిజిటల్ ప్రెస్సులో వంద, రెండు వందలు వేసుకుని, అయిపోతే మళ్ళీ వేసుకునే వీలుంది కాబట్టి కాపీ ఖర్చు కాస్త ఎక్కువైనా అదే పద్ధతి మేలు.

ఇక రెండో విషయానికి వద్దాం, ఏ రాతప్రతిని వేయాలి, దేన్ని ఆపాలి. సంఘాల్లో స్నేహాలు చెడేది డబ్బు దగ్గరే అనుకుంటాం కానీ దీని దగ్గర చెడేదే ఎక్కువ. 'వాటా కొన్నాను కాబట్టి నా పుస్తకం వేయాల్సిందే' అని సభ్యుడు అనుకోవడం సహజం. వరసలో అందరివీ వేసుకుంటూ పోతే మొదట్లో ఎవరికీ బాధ ఉండదు, కానీ నాలుగైదు పుస్తకాల తర్వాత పాఠకులకు ఆ సంఘం పేరు మీద నమ్మకం పోతుంది. ఒక పేరు చూసి పుస్తకం చేతిలోకి తీసుకోవడం అనేది, ఆ పేరుతో అంతకుముందు కొన్న పుస్తకం బాగుంటేనే జరుగుతుంది. పదిమందిలో ఇద్దరి పుస్తకాలు అచ్చుతప్పులతో, ఎడిటింగ్ లేకుండా వస్తే ఆ నష్టం మిగతా ఎనిమిది మందికీ తగులుతుంది. ఇంకోవైపు ఓటు వేసి తేల్చుదామంటే మొహమాటాలు వచ్చిపడతాయి, ఇవాళ ఆయన పుస్తకానికి వద్దంటే రేపు ఆయన మన పుస్తకానికి ఏమంటాడో అన్న టెన్షన్ ఉంటుంది, అందుకని అందరూ అన్నిటికీ సరే అంటారు. ఓటింగ్ పేరుకే మిగులుతుంది.

దీనికి కొన్ని సంఘాలు కనిపెట్టిన పరిష్కారం చాలా సరళమైనది. అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో 1973లో కొందరు కవులు, ఎక్కువమంది స్త్రీలే, ఆలిస్ జేమ్స్ బుక్స్ పెట్టుకున్నారు. విలియం, హెన్రీ జేమ్స్ అనే ఇద్దరు ప్రసిద్ధులైన అన్నల చెల్లెలు ఆలిస్, ఆమె డైరీ ఆమె బతికుండగా బయటికి రాలేదు, ఆ పేరే సంస్థకు పెట్టుకున్నారు. అక్కడ వరస తిరగబడింది. ముందు సభ్యత్వం, తర్వాత పుస్తకం అన్న పద్ధతి కాదు. ముందు రాతప్రతి ఎంపిక కావాలి, ఎంపికైన కవి సంస్థలో చేరి కొన్నేళ్ళు పనిచేయాల్సి ఉండేది. ఇతరుల రాతప్రతులు చదవాల్సి ఉండేది, నిర్ణయాల్లో కూర్చోవాల్సి ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1999లో ఏర్పడిన సిక్స్‌టీన్ రివర్స్ ప్రెస్ కూడా ఇదే బాట పట్టి మూడేళ్ళ పనిని షరతు చేసింది. ఇలా వరస మార్చడం వల్ల చాలా గొడవలు పుట్టకుండానే పోతాయి, ఎందుకంటే 'వద్దు' అన్న మాట లోపలి మనిషికి కాక ఇంకా బయటే ఉన్న మనిషికి చెప్తున్నారు, ఆ మనిషి వచ్చే ఏడాది మళ్ళీ పంపుకోవచ్చు. రాసిన వాళ్ళ పేరు తెలియకుండా చదివించడం, చదివే ముగ్గురిలో ఒకరు సంఘానికి బయటి పాఠకుడై ఉండటం, వద్దంటే ఎందుకు వద్దో రెండు పేజీల్లో రాసివ్వడం, ఇవన్నీ చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. కానీ ఆ రెండు పేజీల కాగితం అందుకున్న రచయిత చాలాసార్లు రాతప్రతిని బాగుచేసుకుని తిరిగొస్తాడు. ఏమీ చెప్పకుండా వాయిదా వేస్తూ పోతే మాత్రం ఆ మనిషి శాశ్వతంగా దూరమైపోతాడు.

పని పంచుకోవడం గురించి అందరూ మాట్లాడతారు, రాసి పెట్టుకునేవాళ్ళు తక్కువ. డబ్బు వాటాకు రసీదు ఉంటుంది, పని వాటాకు ఉండదు. పదిమంది సంఘంలో ప్రూఫులు దిద్దేది ఇద్దరు, ప్రెస్సు చుట్టూ తిరిగేది ఒకరు, పార్సిళ్ళు కట్టేది ఇంకొకరు, మిగిలినవాళ్ళు సభలకు వస్తారు. రెండేళ్ళకు ఆ నలుగురూ అలిసిపోతారు, ఎందుకంటే వాళ్ళు కూడా రచయితలే, ఈ పనుల్లో పడి వాళ్ళ రాత ఆగిపోతుంది. సంఘానికి పుస్తకాలు వస్తున్నాయి కానీ దాన్ని నడిపేవాళ్ళ దగ్గరినుంచి కొత్త పుస్తకం రావట్లేదంటే ఆ సంఘం దారి తప్పినట్టే. పని గంటలు ఒక పుస్తకంలో రాసుకోవడం, పని చేయలేనివాళ్ళు ఆ మేరకు డబ్బు కట్టడం, ఆ డబ్బుతో బయటి మనిషిని పెట్టుకోవడం, కాస్త అమ్మకాలు పెరగగానే కనీసం ఒకరికి జీతమివ్వడం అవసరం. ఇంటిపని, పిల్లల బాధ్యత మీదున్న ఆడవాళ్ళు సాయంత్రం సమావేశాలకు రాలేకపోతే వాళ్ళ ఓటు లేకుండానే నిర్ణయాలు జరిగిపోతాయి, దాన్ని ఎవరూ కావాలని చేయకపోయినా సరే. సమావేశం ఎప్పుడు పెడతాం అన్నది కూడా అందుకే నియమావళిలో ఉండాల్సిన విషయం.

బాగా అమ్ముడయ్యే రచయిత సంగతి వేరే. సంఘంలో ఒకరి పుస్తకం ఉన్నట్టుండి పదివేల కాపీలు పోయిందనుకుందాం. ఆ డబ్బుతో మిగతావాళ్ళ పుస్తకాలు వస్తాయి, సంఘానికి ఊపిరి ఆడుతుంది. కొంతకాలానికి పెద్ద సంస్థ ఒకటి వచ్చి ఆ రచయితకు అడ్వాన్సు ఇస్తానంటుంది. వెళ్ళడం తప్పేమీ కాదు, సంసారాలున్న మనుషులు. కానీ సంఘం మొత్తం ఆ ఒక్క పుస్తకం మీదే నిలబడి ఉంటే ఆ రోజే కూలిపోతుంది. ఒకే మనిషి మీద కాకపోయినా ఒకే వరస పుస్తకాల మీద ఆధారపడటం కూడా ప్రమాదమే. లండన్‌లో 1974లో జాన్ బర్జర్, ఆర్నల్డ్ వెస్కర్, గ్లెన్ థామ్సన్ తదితరులు పెట్టిన రైటర్స్ అండ్ రీడర్స్ పబ్లిషింగ్ కోఆపరేటివ్ కష్టమైన విషయాలను బొమ్మలతో పరిచయం చేసే పుస్తకాలతో దేశదేశాల్లో పేరు తెచ్చుకుంది. మార్క్స్, ఫ్రాయిడ్, ఐన్‌స్టీన్ అలా ఎంతోమంది కొత్త పాఠకులకు అందారు. పుట్టి పదేళ్ళు దాటుతుండగానే అది సహకార సంఘంగా ముగిసిపోయింది, ఆ వరస పుస్తకాలు మాత్రం వేరే చేతుల్లోకి వెళ్ళి బతికాయి. పాఠకుడికి మంచి పుస్తకాలు దక్కాయి కాబట్టి దాన్ని ఓటమి అనడానికి మనసొప్పదు, కానీ వాటిని తయారుచేసిన ఉమ్మడి ఇల్లు మిగల్లేదు.

పాఠకులను కూడా సభ్యులుగా తీసుకోవడం ఇంకో మార్గం. వేల్స్‌లో 1986లో స్త్రీల రచనల కోసం హొన్నో అనే సంస్థను సహకార పద్ధతిలో పెట్టినప్పుడు వాటాలు కొన్నవాళ్ళు వందల్లో ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది రాసేవాళ్ళు కాదు, ఆ పుస్తకాలు రావాలని కోరుకున్నవాళ్ళు. పాఠకుడు వాటాదారైతే కనీసం సర్వసభ్య సమావేశంలో 'ఈ పుస్తకం చదవలేకపోయాను' అని చెప్పే ఒక గొంతు ఉంటుంది. రచయితలు మాత్రమే ఉన్న గదిలో ఆ గొంతు లేదు.

ఈ-బుక్కుల కాలంలో ఇంకా సంఘాలెందుకు అని అడగొచ్చు, ఎవరి ఫైలు వాళ్ళు అప్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది కదా. 2008లో ఉర్సులా లె గ్విన్, వోండా మెకింటైర్ లాంటి పేరున్న రచయిత్రులు చేరి బుక్ వ్యూ కెఫే అనే ఆన్‌లైన్ సంఘం పెట్టుకున్నారంటే ఆ ప్రశ్నకు వాళ్ళు ఆలోచించుకున్న జవాబు ఒకటుంది. అక్కడ ఒకరి రాతప్రతి ఇంకొకరు దిద్దుతారు, ఒకరు ముఖచిత్రం చూస్తే ఒకరు ఫైలు తయారుచేస్తారు. అప్‌లోడ్ చేయడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, కానీ తన వాక్యంలో తప్పు తనకు కనిపించదు కదా, దానికి ఇంకో జత కళ్ళు కావాలి. ఒక్కో రచయితను ఒంటరిగా వెతుక్కుంటూ వచ్చే పాఠకుడికి ఇరవై మంది ఒకేచోట దొరికితే ఒకరి కోసం వచ్చి ఇంకొకరిని కూడా చదువుతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేం. రచయిత దగ్గర డబ్బు తీసుకుని పుస్తకం అచ్చువేసిచ్చే కంపెనీలు తమను తాము 'సహకార ప్రచురణ' అనీ 'భాగస్వామ్య ప్రచురణ' అనీ చెప్పుకుంటాయి. మొదటి పుస్తకం కోసం తపించే మనుషుల ఆశతో చేసే వ్యాపారం అది, ఎంతోమంది దాచుకున్న డబ్బు అందులో పోగొట్టుకుంటున్నారు, ఇది చూస్తే కోపం రావాల్సిందే. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. మనకు అక్కడ ఓటుందా? ఏడాది లెక్కలు అడిగితే చూపిస్తారా? వచ్చిన రాతప్రతుల్లో దేన్నైనా ఎప్పుడైనా తిప్పి పంపారా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ సంస్థకు డబ్బు పాఠకుల నుంచి వస్తోందా, రచయితల నుంచి వస్తోందా? రచయితల నుంచే వస్తుంటే ఆ సంస్థకు పుస్తకం అమ్మాల్సిన అవసరమే లేదు, అచ్చయిన రోజునే దాని లాభం దానికి వచ్చేసింది. నిజమైన సంఘంలో సభ్యుడు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పుస్తకం పాఠకుడి చేతికి వెళ్ళి తీరాలి.

కొత్తగా కూర్చునేవాళ్ళు మొదటి సమావేశంలో సంఘం పేరు గురించి, లోగో గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఒకరు వెళ్ళిపోతే ఏం చేస్తాం అన్నది. కాపీరైట్ రచయిత దగ్గరే ఉండాలి, సంఘానికి ఇచ్చేది ఇన్నేళ్ళకని గడువు పెట్టిన ప్రచురణ హక్కు మాత్రమే, మూడేళ్ళో అయిదేళ్ళో. గడువు తీరాక, లేదా స్టాకు అయిపోయి ఆరు నెలల దాకా మళ్ళీ అచ్చువేయకపోతే, ఎవరినీ అడగనక్కర్లేకుండా హక్కు తిరిగి రచయితకు చేరాలి. మిగిలిన కాపీలను అచ్చుఖర్చుకే రచయిత కొనుక్కోవచ్చునని రాసుకోవాలి. కట్టిన వాటాధనం ఎన్నాళ్ళలో తిరిగిస్తారో, విడతలుగా ఇస్తారా ఒకేసారి ఇస్తారా అన్నది కూడా. రచయిత చనిపోతే రాయల్టీ ఎవరికి వెళ్ళాలో వారసుల పేరు సభ్యత్వ కాగితం మీదే ఉండాలి, ఎందుకంటే సంఘం బాగా నడిస్తే పుస్తకాలు మనుషుల కన్నా ఎక్కువకాలం బతుకుతాయి, అప్పుడు ఆ డబ్బు ఎవరికి పంపాలో తెలియక కార్యదర్శి పాత ఉత్తరాలు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.